టక్‌మన్న శబ్దం ఎక్కడిది? ఒక స్టంట్ స్కూటర్ డెక్ కేసు

జూన్ రెండో వారం. సాయంత్రం ఆరు దాటాక 14 ఏళ్ల కుర్రాడు స్టంట్ స్కూటర్ భుజాన వేసుకుని వైజాగ్ పెదవాల్తేరులో నా షాపుకి వచ్చాడు. "అన్నా, దూకి దిగినప్పుడల్లా టక్‌మంటోంది" అన్నాడు. చేత్తో పట్టుకుని ఊపి చూశాను. హ్యాండిల్ బార్ కింద కొంచెం వదులు తెలిసింది. బార్‌ని పట్టి ఉంచే క్లాంప్ బోల్టులు సడలించి, బేరింగుల్ని నొక్కిపట్టే పైనున్న కంప్రెషన్ బోల్టు బిగించి, బార్‌ని చక్రంతో తిన్నగా పెట్టి మళ్లీ క్లాంప్ బిగించాను. పది నిమిషాల పని, డబ్బులు కూడా తీసుకోలేదు. శబ్దం తగ్గింది, వాడు సంతోషంగా వెళ్లిపోయాడు.

తొమ్మిది రోజులకి మళ్లీ అదే కుర్రాడు, అదే టక్. ఈసారి స్కూటర్‌ని బల్ల మీద తిరగేశాను. మొదటి రోజే చేయాల్సిన పని అది. ఆ తొమ్మిది రోజులూ వాడు పగిలిన డెక్ మీద మెట్లు దూకాడు. వాడికి ఏమీ కాకపోవడంలో నా గొప్పతనం ఏమీ లేదు.

స్కూటర్ అంటే పెట్రోలు బండి అనుకునేవాళ్లు మన దగ్గర ఇంకా ఎక్కువే కాబట్టి ఒక మాట. ఇది కాలితో తోసుకుంటూ పోయే బండి. పిల్లలు మడిచి సంచిలో పెట్టుకునేది వేరు, ఇది వేరు. ఇందులో మడత ఉండదు. మడత ఉన్న చోటే మొదట విరుగుతుంది కాబట్టి స్టంట్లు చేసేవాళ్లు దాన్ని వదిలేశారు. నిలబడే అల్యూమినియం పలక, దాని ముందు వెల్డ్ చేసిన మెడ, మెడ చివర ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ తిరిగే గొట్టం, అన్నీ కలిపి డెక్ అంటారు. బార్, ఫోర్క్, చక్రాలు, క్లాంప్ దేనికది విడిగా మార్చుకోవచ్చు. డెక్ పోతే మాత్రం బండి పోయినట్టే అనిపిస్తుంది. అందుకే దాన్ని ఎలాగోలా బతికించాలని చూస్తారు.

నేను సైకిల్ మెకానిక్‌ని. అంతకు ముందు 11 ఏళ్లు సింధియా వైపు ఓడల కాంట్రాక్టు పనుల్లో వెల్డింగ్ తనిఖీ చేశాను. రింకులో స్కేటింగ్ చేసే పిల్లలు బేరింగుల కోసం వస్తూ వస్తూ ఈ స్కూటర్లు కూడా తేవడం మొదలుపెట్టారు.

తిరగేశాక ఏం కనిపించింది

వెనక చక్రం తీయబోతే రాలేదు. యాక్సిల్ బోల్టు చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది. అలెన్ కీ తిప్పితే బోల్టు తల అరుగుతోంది తప్ప కదలడం లేదు. దాన్ని అలా ఉంచి ముందుకి వచ్చాను. మెడ పలకని కలిసే చోట, అడుగు వైపు, వెల్డ్ అంచున పెయింటు మీద వెంట్రుకంత నల్ల గీత. వేలితో తుడిస్తే వేలికి నల్లగా అంటింది. మళ్లీ మెడని అటూ ఇటూ వంచినట్టు నొక్కితే మళ్లీ కొంచెం నల్లపొడి. మురికైతే ఒకసారి తుడిస్తే పోతుంది. లోపల రెండు అల్యూమినియం ముఖాలు ఒరుసుకుంటేనే ఇలా ఊరుతుంది. నా అనుమానం అక్కడే సగం తీరింది.

అయినా పాత ఉద్యోగం అలవాటు. పెనెట్రంట్ టెస్ట్, అంటే పగుల్లోకి రంగు దింపి దాన్ని బయటపెట్టే పరీక్ష, చేయకుండా మాట ఇవ్వబుద్ధి కాలేదు. ఓడల పనిలో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నా. ముందు వెల్డ్ చుట్టూ పెయింట్ తీసేయాలి. గ్రైండర్‌తో, వైర్ బ్రష్‌తో తీయకూడదు. అల్యూమినియం మెత్తటి లోహం, రాపిడికి పులుముకుపోయి పగులు నోరు మూసుకుపోతుంది. పెయింట్ రిమూవర్‌తో కరిగించి తుడిచాను. తర్వాత ఎర్ర రంగు స్ప్రే, పావుగంట ఆగడం. పైపై రంగుని క్లీనర్ తడిపిన గుడ్డతో తుడవాలి, క్లీనర్‌ని నేరుగా కొడితే పగుల్లోకి పోయిన రంగు కూడా బయటికి వచ్చేస్తుంది. ఆఖరికి తెల్లటి డెవలపర్ పల్చగా కొట్టి చూస్తూ కూర్చోవడమే.

ఐదు నిమిషాల్లో తెలుపు మీద ఎర్రగీత తేలింది. ఎడమ మూల నుంచి మొదలై వెల్డ్ అంచు వెంబడి 18 మిల్లీమీటర్లు. కుర్రాడు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. వాళ్ల నాన్నకి చూపించడానికి అనుకున్నాను, స్నేహితులకి అట.

అడుగునే ఎందుకు పగిలిందంటే, మనిషి పలక మధ్యలో నిలబడతాడు, నేల మాత్రం చక్రాల దగ్గర పైకి తోస్తుంది. దూకి చదునైన చోట దిగితే ముందు చక్రం మెడని పైకి వంచుతుంది. అప్పుడు పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. పగులు ఎప్పుడూ సాగే వైపునే మొదలవుతుంది. పిల్లలేమో రోజూ చూసేది పై వైపు, కాలు జారకుండా అంటించే గరుకు గ్రిప్‌టేప్ ఉన్న వైపు.

"రెండు నిమిషాల పని"

మర్నాడు వాళ్ల నాన్న, మావయ్య కలిసి వచ్చారు. మావయ్య ఓడల పనిలో వెల్డర్, చెయ్యి తిరిగిన మనిషి. ఎర్రగీత చూసి, "దీనికేటండీ, టిగ్ వెల్డింగ్‌తో రెండు నిమిషాల్లో కొట్టి ఇచ్చేత్తాను" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. రెండు నిమిషాల్లో కొట్టగలడు, ఆ వెల్డ్ చక్కగానూ ఉంటుంది. చిక్కు వెల్డ్‌లో లేదు, దాని పక్కనుంది.

ఇలాంటి డెక్‌లకి ఎక్కువగా వాడేది 6061 అల్యూమినియం, టీ6 స్థితిలో. అంటే అందులో కలిపిన మెగ్నీషియం, సిలికాన్ సరిగ్గా పనిచేయడానికి లోహాన్ని సుమారు 530 డిగ్రీల వేడికి తెచ్చి, నీళ్లలో ముంచి, మళ్లీ 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. దాని బలమంతా ఆ వంటలోనే ఉంది. అలా తయారైన లోహానికి తన్యతా బలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం, 310 మెగాపాస్కల్స్ దాకా ఉంటుంది. దాని మీద వెల్డింగ్ టార్చి పెడితే వెల్డ్‌కి అటూ ఇటూ వేడి తగిలిన మేర ఆ వంట చెడిపోతుంది. బలం 165 దగ్గరికి, అంటే దాదాపు సగానికి పడిపోతుంది. మంచి తయారీదారులు ముందు వెల్డ్ చేసి, ఆ తర్వాత డెక్ మొత్తాన్ని ఓవెన్‌లో పెట్టేది అందుకే. మనం ఇక్కడ వెల్డ్ చేసి ఇస్తే పగులు కనబడకుండా పోతుంది, దాని పక్కనే మెత్తబడిన పట్టీ ఒకటి తయారవుతుంది. కుర్రాడు దాని మీద మళ్లీ మెట్లు దూకుతాడు.

మరో సంగతి కూడా చెప్పాను. ఉక్కుకి ఒక హద్దు ఉంటుంది, దానికి లోబడి ఎన్నిసార్లు వంచినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. ప్రతి దూకుడూ ఖాతాలో పడుతూనే ఉంటుంది.

మావయ్య కాసేపు ఆ గీతనే చూశాడు. "మేం కొట్టేది ఉక్కు కదా" అన్నాడు. తర్వాత బావగారి వైపు తిరిగి, "వొద్దులే బావా, పిల్లోడు" అన్నాడు. నా లెక్కల కంటే ఆ మాటే పనిచేసింది.

నాన్నగారికి ఇంకో ఆలోచన ఉంది, పాతదాన్ని ఎవరికైనా అమ్మేస్తే కొత్తదానికి కొంత కలిసొస్తుందని. అది నాకు నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాను. ఈ డెక్ కూడా వీళ్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే మరి. వాళ్ల అనుమతితోనే మెడని హ్యాక్సాతో కోసేశాను.

కోసిన తర్వాత తెలిసింది

కోసిన మెడని వైస్‌లో బిగించి పగులు తెరిచాను. లోపలి ముఖం రెండు రంగుల్లో ఉంది. మూల దగ్గర ముదురు బూడిద రంగు, దాని మీద ఒకదాని వెనక ఒకటి సన్నటి వంపు గీతలు. ఆ చివర నేను విరిచిన చోట గరుగ్గా, తెల్లగా మెరుస్తోంది. ఆ వంపు గీతల్ని మా భాషలో బీచ్ మార్కులు అంటారు. అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లా ఉంటాయని ఆ పేరు. ఆర్‌కే బీచ్‌లో మెట్లు దూకి పగలగొట్టిన డెక్‌లో అవి కనబడితే నవ్వొచ్చింది. పగులు ఒక్క రోజుది కాదని, నెలల తరబడి కొంచెం కొంచెంగా పాకిందని అవి చెబుతాయి.

వాళ్ల నాన్న అప్పుడే తీర్పు ఇచ్చేశారు. "అంతా ఉప్పుగాలండీ." వైజాగ్‌లో ఏది పాడైనా ఉప్పుగాలి మీదకి తోసేస్తాం. గేటు తుప్పు, ఏసీ పైపు, ఆఖరికి మోకాలి నొప్పి కూడా. ఈసారి నేను ఒప్పుకోలేదు. పగులు మొదలైన మూలని భూతద్దంతో చూశాను, ఉప్పు తిన్న గుంటలు లేవు. మెడ గొట్టంలో కింది బేరింగ్ కూర్చునే గుంతని వెర్నియర్‌తో కొలిచాను. అది గుండ్రంగా లేదు. ముందు వెనకల కొలతకీ పక్కల కొలతకీ 0.3 మిల్లీమీటర్ల తేడా. బేరింగ్ అందులో కదులుతోంది.

అంటే హెడ్‌సెట్, ఫోర్క్ ఆ గొట్టంలో తిరగడానికి పెట్టే బేరింగుల జత, చాలాకాలం వదులుగానే ఉంది. వదులుగా ఉంటే ప్రతి దిగుడులోనూ ఫోర్క్ సుత్తిలా గొట్టాన్ని కొడుతుంది. మెడ ఒక్కసారి వంగి ఊరుకోవాల్సింది, దెబ్బ తిని మరీ వంగుతుంది. దానికి తోడు చదును నేల మీద దిగడం. ర్యాంపు మీదైతే వాలు ఆ బరువుని ముందుకి నెట్టేస్తుంది, బీచ్ రోడ్డు మెట్ల కింద ఆ సౌకర్యం లేదు. నా లెక్కలో ఈ రెండే కారణాలు. వీటిలో ఏది ఎంత అని అడిగితే, ఒక్క డెక్ కోసి చెప్పేది కాదు.

నా మొదటి తప్పు కూడా ఇక్కడే ఉంది. వదులు కనిపించగానే శబ్దం దానిదేనని సరిపెట్టుకున్నాను. వదులు నిజమే, పగులూ నిజమే. ఒకటి దొరికిందని రెండోది వెతకలేదు. ఇప్పుడు నా పద్ధతి మార్చుకున్నాను. హెడ్‌సెట్ బిగించాక ముందు చక్రాన్ని గోడకి ఆనించి, కింది బేరింగ్ దగ్గర వేలు పెట్టి బార్ ఊపుతాను. వేలికి కదలిక తెలియకపోయినా శబ్దం వస్తే డెక్‌ని అనుమానిస్తాను.

మరి ఉప్పు నిర్దోషా? కాదు. వెనక బోల్టు కరుచుకుపోయేలా చేసింది అదే. తడి, ఉప్పు ఉన్న చోట ఉక్కు, అల్యూమినియం తాకి ఉంటే కరిగేది అల్యూమినియమే. ఓడ అడుగున జింక్, అల్యూమినియం దిమ్మలు కట్టేది ఈ లెక్క మీదే. అవి కరిగిపోతూ ఉక్కుని కాపాడతాయి. స్కూటర్‌లో ఆ దిమ్మ పాత్ర డెక్‌దే అవుతుంది. బోల్టు కరుచుకుపోయింది కాబట్టి ఈ కుర్రాడు ఏడాదిలో ఒక్కసారి కూడా వెనక చక్రం తీయలేదు. చక్రం తీయలేదు కాబట్టి స్కూటర్ తిరగేయలేదు. ఉప్పు డెక్‌ని విరగ్గొట్టలేదు, విరుగుతున్న సంగతి కనబడకుండా చేసింది. రాత్రంతా సందుల్లోకి దిగే పెనిట్రేటింగ్ ఆయిల్‌లో నానబెట్టాక ఆ బోల్టు కదిలింది. చక్రం దక్కింది.

కొత్త డెక్

పాతది 6 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు. వీధిలో గట్ల మీద పలకతో జారే పెద్ద కుర్రాళ్ల కోసం చేసిన సైజు, అడుగు చదునుగా, అంచులు పెట్టెలా, బరువుగా ఉంటుంది. మనవాడి ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 46 కిలోలు. వాడు చేసేవి ఎక్కువగా టెయిల్‌విప్‌లు, అంటే గాల్లో డెక్‌ని బార్ చుట్టూ ఒక్క చుట్టు తిప్పి మళ్లీ కాళ్ల కిందకి తెచ్చుకోవడం. గట్ల మీద జారడం నెలకోసారి, అదీ ఎవరైనా వీడియో తీస్తుంటే.

టెయిల్‌విప్ చేసేవాడికి నేను మొదట చూసేది పొడవు. చాలామంది బరువు అడుగుతారు. డెక్ తిరిగేది మెడ చుట్టూ. వెనక చక్రం, బ్రేకు, తోక చివర, అన్నీ మెడకి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. ఆ కష్టం దూరం వర్గంతో పెరుగుతుంది. అందుకే వంద గ్రాములు తగ్గిన డెక్ కంటే రెండు అంగుళాలు తగ్గిన డెక్ చేతికి తేలిగ్గా తెలుస్తుంది. అలాగని మరీ పొట్టిది కొంటే రెండు కాళ్లూ పట్టవు, మడమ బ్రేకు మీద పడుతుంది. వాడి చెప్పులు విప్పించి, ఆడే బూట్లు వేయించి, నేల మీద సుద్దతో గీసి నిలబెట్టాను. 20 అంగుళాలు సరిపోయింది. వెడల్పు 5 అంగుళాలు. వాడికి 6 అంగుళాలదే కావాలి, "అది చూడ్డానికి బాగుంటాదన్నా" అని. ఇందులో నేను గెలిచాను, రంగు విషయంలో వాడు గెలిచాడు.

మిగిలినవన్నీ పాతవే వాడదామని నిర్ణయం, కాబట్టి సరిపోతాయో లేదో చూడాలి. హెడ్‌సెట్ ఇంటిగ్రేటెడ్ రకం, అంటే బేరింగ్ నేరుగా గొట్టంలోనే కూర్చునేది, 41.8 మిల్లీమీటర్ల బేరింగు. చక్రాలు 110 మిల్లీమీటర్లు, వెడల్పు 24. ఈమధ్య 30 వెడల్పు చక్రాల డెక్‌లు కూడా వస్తున్నాయి, వాటి వెనక చీలిక వేరు, 24 చక్రం పెడితే పక్కలకి స్పేసర్లు కావాలి. ఆన్‌లైన్‌లో తెప్పించి, పట్టక, తిరిగి పంపే టెన్షన్ కంటే ముందే కొలుచుకోవడం నయం. బేరింగులు ఒకసారి వదులు హెడ్‌సెట్‌లో నలిగాయి కాబట్టి అవి మాత్రం కొత్తవి వేయించాను.

డెక్ మీద 100 కిలోలు అని రాసుంటే చాలామంది నాన్నలు నిశ్చింతగా ఉంటారు. మావాడు 46 కిలోలే కదా అని. ఆ అంకె నిలబడ్డ మనిషి బరువు గురించి. ఐదు మెట్ల మీంచి కాళ్లు బిగబట్టి దిగినవాడు ఆ క్షణంలో తన బరువుకి ఎన్నో రెట్లు వేస్తాడు.

ఫొటోల్లో నేను చూసింది ఒక్కటే, మెడ అడుగు వెల్డ్. చిల్లర నాణేలు ఒకదాని మీదొకటి పరిచినట్టు వరసగా ఉంటే వెల్డర్ తొందరపడలేదని అర్థం. అరగదీసి, పెయింట్ దట్టంగా కొట్టి నున్నగా చేస్తే నాకు అనుమానం. అది నా పాత వృత్తి చాదస్తం కూడా కావచ్చు.

ఇంట్లో చేసేవి

చెప్పినవన్నీ ఎవరూ చేయరని తెలుసు కాబట్టి తక్కువే చెప్పాను. బీచ్ నుంచి వచ్చాక మంచినీళ్లలో పిండిన గుడ్డతో డెక్, బోల్టు తలలు తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. పైపు పెట్టి కడగొద్దు, బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది. సముద్రం వైపు బాల్కనీలో పెట్టొద్దు. వీళ్ల ఫ్లాట్ లాసన్స్ బే కాలనీలో, బాల్కనీ సరిగ్గా అటే. స్కూటర్ ఇప్పుడు వంటగది తలుపు వెనక ఉంటోంది, వాళ్లమ్మగారికి నా మీద కొంచెం కోపం.

నెలకోసారి రెండు యాక్సిళ్లూ బయటికి తీయాలి. బోల్టు కడ్డీకి పల్చగా గ్రీజు, చివర మరకి మాత్రం నీలం రంగు థ్రెడ్‌లాకర్, అంటే మర వదులు కాకుండా పట్టే జిగురు, ఒక చుక్క. రెండూ ఒకే చోట పూస్తే జిగురు పట్టదు, చాలామంది చేసే తప్పు ఇది. అప్పుడే స్కూటర్ తలకిందులుగా ఉంటుంది కాబట్టి మెడ అడుగున ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడాలి. ఎదురుగా వేస్తే సన్నగీత కనబడదు.

గ్రిప్‌టేప్ అంచులు ఈ తేమకి లేస్తాయి. చేత్తో లాగకుండా జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు మిగలకుండా వస్తుంది. కొత్తది అంటించే ముందు కింద పలకని కూడా చూడండి, అక్కడా పగుళ్లు వస్తాయి.

ఇంకో మాట డెక్ గురించి కాదు. జారడానికి గట్లకి కొవ్వొత్తి రుద్దుతారు. బీచ్ రోడ్డులో కూర్చునే గట్లకి రుద్దొద్దని వీళ్ల గుంపు మొత్తానికీ చెప్పాను. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దాయన జారిపడితే మర్నాటి నుంచి ఎవ్వరినీ అక్కడ ఆడనివ్వరు.

ఏడు నెలల తర్వాత

జనవరిలో పిలిచి పూర్తిగా విప్పి చూశాను. వెనక బోల్టు అలెన్ కీతో సులువుగా వచ్చింది. బేరింగ్ గుంత గుండ్రంగానే ఉంది. హెడ్‌సెట్ మధ్యలో రెండుసార్లు వదులైందట, వాడే బిగించుకున్నాడు. వెనక బ్రేకు స్క్రూ ఒకటి ఎక్కడో పడిపోయింది, అది చిన్న విషయం. మెట్ల దూకుళ్లు మానలేదు, మానతాడని నేను అనుకోనూ లేదు. మోకాళ్లు వంచి దిగడం మాత్రం కొంచెం నేర్చుకున్నాడు.

మెడ అడుగున పెయింట్ మీద ఒక గీత ఉంది. పాత డెక్ పగిలిన వైపే, ఎడమ మూలన. నా గుండె జారింది. రాయి తగిలిందని వాడంటాడు. ఈసారి మాట మీద వదల్లేదు, బొటనవేలంత మేర పెయింట్ తీసి ఎర్ర రంగు కొట్టాను. అరగంట చూశాం, తెలుపు తెల్లగానే ఉంది. పెయింట్ గీతే.

పెయింట్ పోయిన చోటు అసహ్యంగా ఉందని వాడు మర్నాడు దాని మీద పులి బొమ్మ స్టిక్కర్ అంటించుకొచ్చాడు. బండి మీద ఇంకెక్కడైనా అంటించుకోరా, ఇక్కడ కాదు అని నేనే పీకేశాను. మూడు రోజులు షాపు ముందు నుంచే వెళ్తూ నా వైపు చూడలేదు.